పుంజును తిట్టకండి, గూటి మీద రేకు పీకేయండి!

పుంజు పనికిరాదంటారు. గుడ్లు అమ్మినోడు మోసం చేశాడంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఎండాకాలం వచ్చిందంటే కోళ్లు పెంచేవాళ్ల మధ్య ఇదే పంచాయితీ. పన్నెండు గుడ్లు పొదగేస్తే నాలుగు పిల్లలొచ్చినయి, మిగతావన్నీ మురిగినయి, తప్పెవరిది?

నేను చెప్తా. తప్పు మీ కొత్త గూటి మీదున్న రేకుది!

ఎట్లంటారా? పెట్ట గుడ్డు పెట్టేసరికే అందులో పిండం మొదలై ఉంటుంది. చల్లటి చోట పెడితే ఎదగకుండా ఆగి ఉంటుంది. 27 డిగ్రీలు దాటిందా, మళ్లీ కదులుతుంది. మన దగ్గర మేలో ఎండ 44, 45కు పోతుంది. రేకు కింద ఇంకా ఎక్కువ. గుడ్డు పగలంతా ఉడుకుతుంది, తెల్లారేసరికి చల్లబడుతుంది. ఇట్లా నాలుగు రోజులైతే పిండం బతుకుతుందా? ఆ చచ్చిన గుడ్డునే మీరు పొదుగు కోడి కింద పెట్టి 21 రోజులు ఆశగా ఎదురుచూస్తున్నారు. నాకు కోపం అక్కడే వస్తుంది.

నమ్మకం లేదా? పొదగేసిన ఏడో రోజు రాత్రి చీకట్లో ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూడండి. లోపల ఏమీ లేకుండా తేటగా ఉంటే పుంజును అనుమానించండి, నేను కాదనను. ఎర్రటి రింగు కనబడిందా? పిండం ఎదిగి చచ్చిందన్నట్టు. అంటే పుంజు తన పని చేసింది. మీ రేకే చంపింది!

పొదుగు కోడి సంగతి చూడండి. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడమే దానికి దారి. రేకు కింద కూర్చోలేక గుడ్లు వదిలి లేస్తుంది. "మా పెట్ట పొదగడం లేదన్నా" అని దాన్ని అమ్మేస్తారు. అమ్మకండి! రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజా, గ్రామప్రియ పెట్టలు గుడ్లు బాగా పెడతాయి కానీ పొదుగుకు కూర్చోవు. వాటి గుడ్లకు కూడా మన నాటు పెట్టే దిక్కు. అట్లాంటి పెట్టను ఆదివారం కూరకు పంపిస్తారా?

మళ్లీ గూటికొద్దాం.

మన పల్లెల్లో తాటిచెట్లకు కరువుందా? కమ్మలు మందంగా కప్పండి. గూడు పొడుగు తూర్పు పడమరలకు ఉండాలి, అప్పుడు పొడుగు గోడల్లోంచి ఎండ లోపలికి దూరదు. గోడ అడుగున్నర చాలు, ఆపైన అంతా జాలి. "రాత్రి చలి పెడుతుంది" అని నాలుగు వైపులా మూసేవాళ్లకు చెప్తున్నా, పెద్ద కోడికి ఈకలున్నాయి. దానికి కావాల్సింది గాలి. గూట్లో తల పెట్టగానే కళ్లు మండుతున్నాయంటే అది రెట్టల ఘాటు, కోడి రాత్రంతా దాన్నే పీలుస్తోంది. జాలి మాత్రం సన్న కన్నులది కొనండి, లేకపోతే పాము, ముంగిస దూరతాయి. కింద రెండంగుళాల ఊక పరవండి. మిర్యాలగూడ చుట్టూ ఇన్ని రైస్ మిల్లులుండగా ఊకకు వెనకాడడం ఎందుకు?

గుడ్లను రోజూ తీసి ఇంట్లో చల్లటి మూలన, మట్టికుండ పక్కన పెట్టండి. ఎండాకాలంలో నాలుగైదు రోజులకు మించి దాచకండి.

ఇంకా రేకే నయమనే అన్నలు ఒక పని చేయండి. రేపు మధ్యాహ్నం రెండింటికి గూట్లో థర్మామీటర్ వేలాడదీసి, గంట తర్వాత ఫోటో తీసి నాకు పంపండి. వచ్చే వీడియోలో ఒక్కొక్కటే చూపిస్తా.