శిబిరం ముగిసిన మర్నాడు

అందరికీ నమస్కారం.

రేపు తెల్లవారుజామున మీలో చాలామంది గిరిజన గూడేల్లో వైద్య శిబిరం కోసం మొదటిసారి పాడేరు ఘాట్ ఎక్కబోతున్నారు. మందుల పెట్టెలు ఎలా సర్దాలి, రిజిస్టరు ఎవరు రాయాలి, ఏ టేబుల్ దగ్గర ఎవరు కూర్చోవాలి అనేవి నిన్ననే మాట్లాడుకున్నాం. ఈ సాయంత్రం ఒక్క ప్రశ్న మీ ముందు పెట్టడానికి వచ్చాను. మనం కొండ దిగి వచ్చేసిన మర్నాడు ఆ ఊళ్లో ఏం మిగులుతుంది?

ఎంతమందిని చూశాం, ఎన్ని మాత్రలు పంచాం అన్నది మన లెక్క. మనం వచ్చిన రోజు దొరికిన వైద్యం, మనం లేని రోజున కూడా ఎక్కడో ఒకచోట దొరుకుతుందా అన్నది ఊరి లెక్క. నేను ఈ పనిలో ఉన్నన్నాళ్లూ నమ్ముతున్నది రెండో లెక్కనే. మన శిబిరం పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, పోటీ కాకూడదు, ప్రత్యామ్నాయం అంతకన్నా కాకూడదు. జనానికీ పీహెచ్‌సీకీ మధ్య తెగిపోయిన దారిని కలిపి రావడమే మన పని.

ఆ దారి ఎందుకు తెగుతుందో ముందు చూద్దాం. విశాఖ నుంచి పాడేరు సుమారు 110 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక పాడేరే జిల్లా కేంద్రమైంది. అక్కడిదాకా బస్సు వెళ్తుంది. కానీ మనం వెళ్లే గూడేలు పాడేరులో లేవు కదా. రోడ్డు ఆగిపోయిన చోట జీపు దిగి, గెడ్డ దాటి, పోడు చేల పక్కనుంచి కొండెక్కితే అవి కనిపిస్తాయి. నిబంధనల ప్రకారం మైదానంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ ఉంటే, గిరిజన ప్రాంతంలో 20,000 మందికే ఒకటి ఉండాలి. పీహెచ్‌సీ కింద ఉండే సబ్‌సెంటర్ మైదానంలో 5,000 మందికి, ఏజెన్సీలో 3,000 మందికి. కాగితం మీద చూస్తే ఏజెన్సీకే ఎక్కువ ఇచ్చినట్టు అనిపిస్తుంది. ఆ 3,000 మంది ఎన్ని కొండల మీద చెల్లాచెదురుగా ఉన్నారో ఆ అంకె చెప్పదు. అక్కడి సబ్‌సెంటర్ నర్సు ఏఎన్ఎం ఒక గూడెంలో టీకాలు వేసి పక్క గూడేనికి పోవాలంటే ఒక పూట నడవాలి. ఆమె రాలేదని విసుక్కునే ముందు ఆమె దారి ఒకసారి నడిచి చూడండి.

డోలీ అన్న మాట మీరు పేపర్లలో చదివే ఉంటారు. గడకర్రకు దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు ముందూ వెనకా భుజాన మోసుకుపోతారు. అలసిపోతే మార్చుకోవడానికి మరో ఇద్దరు వెంట నడుస్తారు. నొప్పులు పడుతున్న గర్భిణిని వానలో, జారే బాటలో అలా దించడం అంటే ఏమిటో ఊహించండి. 108 వాహనం రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. అందుకే బైకుకు తొట్టె కట్టిన ఫీడర్ అంబులెన్సులు వచ్చాయి. అవి పోలేని చోట్లు ఇప్పటికీ ఉన్నాయి, అక్కడ డోలీయే దిక్కు.

కాబట్టి గర్భిణుల విషయంలో మన అసలు పని నొప్పులు రాకముందే జరగాలి. ఏడు, ఎనిమిది నెలలు నిండినవాళ్లు ఎవరున్నారో ఆశా కార్యకర్తను అడిగి, ముందుగా వాళ్లనే చూడండి. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే ప్రమాదం. 7 లోపు ఉన్న మనిషికి ఇనుము మాత్రలు చేతిలో పెట్టి పంపేయకండి, ఆమె ఆసుపత్రికి చేరాలి. మిగతావాళ్లకు మాత్రలు ఇచ్చేటప్పుడు విరేచనం నల్లగా అవుతుందని, కడుపులో కొంచెం తిప్పినట్టు ఉంటుందని ముందే చెప్పండి. ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్లే ఎన్నో ఇళ్లలో ఆ మాత్రలు చూరులో మిగిలిపోతున్నాయి.

కాన్పు దగ్గరపడ్డవాళ్లు ముందుగానే వచ్చి ఉండడానికి పాడేరులో గర్భిణుల వసతి గృహం ఉంది. వెళ్లమని చెప్పడం తేలిక. ఆ తల్లి మాత్రం ఎలా వెళ్తుంది? ఇంట్లో పిల్లలకు అంబలి కాచేదెవరు, మేకల్ని తోలేదెవరు, అత్తగారు ఏమంటారు? ఇవేవీ అడగకుండా ‘ఆసుపత్రికి వెళ్లమ్మా’ అంటే ఆమె తల ఊపుతుంది, వెళ్లదు. అత్తగారిని కూడా పిలిచి కూర్చోబెట్టండి. ఆమెకు మర్యాద ఇచ్చి, ‘అమ్మా, నీ కోడలికి రక్తం తక్కువగా ఉంది, ఇంట్లో కాన్పయితే ఆగకుండా పోతుందేమోనని భయంగా ఉంది’ అని నేరుగా చెప్పండి. నిర్ణయం తీసుకునేది ఆమె. మనం ఆ మాట ఆమెతో అనడం లేదు, అక్కడే చిక్కంతా.

ఇక జ్వరం. మలేరియా దోమ ద్వారా వస్తుందన్న రుజువు 1897లో రోనాల్డ్ రాస్‌కు దొరికింది మన సికింద్రాబాద్‌లోనే. ఇన్నేళ్ల తర్వాత కూడా వానలు మొదలవగానే మన్యంలో అదే జ్వరం. కిట్‌తో పరీక్ష చేస్తే మలేరియా రెండు రకాల్లో ఫాల్సిపారమా, వైవాక్సా అన్నది పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. ఫాల్సిపారంకు ఆర్టిమిసినిన్ కలిసిన మందు 3 రోజులు. వయసును బట్టి ప్యాకెట్ రంగు మారుతుంది, పెద్దవాళ్లది తెల్లది, ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలది పసుపు. ఆ రంగు చూసే ఇవ్వండి, అంచనా వేయకండి. వైవాక్స్‌లో క్రిమి కాలేయంలో దాక్కుంటుంది, అందుకే ప్రైమాక్విన్ 14 రోజులు మింగాలి. గర్భిణులకూ ఏడాది లోపు పిల్లలకూ అది ఇవ్వకూడదు. కొందరి రక్తానికి ఆ మందు పడదు. మూత్రం నల్లటి టీ రంగులో వస్తే వెంటనే మందు ఆపి రమ్మని ఇంటివాళ్లందరికీ చెప్పాలి.

ఇందులో కష్టమైనది ఆ పద్నాలుగు రోజులే. రెండో రోజుకే జ్వరం తగ్గుతుంది. తగ్గాక మందు ఎందుకు మింగాలి? మిగిలినవి దాచుకుంటే వచ్చే జ్వరానికి పనికొస్తాయని, లేదా పక్కింటి బిడ్డకు ఇవ్వొచ్చని అనుకుంటారు. అది అజ్ఞానం అనకండి. మందు దొరకని చోట బతికిన మనుషులు దొరికినదాన్ని దాచుకోవడం సహజం. శిబిరం జరిగేది ఒక్క రోజు, మందు మింగాల్సింది పద్నాలుగు రోజులు. మిగతా పదమూడు రోజులు ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడేది ఆశా కార్యకర్త. ఆమెకు పేరు, ఇల్లు, మొదలుపెట్టిన తేదీ, ముగిసే తేదీ రాసి ఇవ్వకుండా మనం ఇచ్చిన వైవాక్స్ మందు సగం మందే.

బీపీ మాత్రలదీ ఇదే కథ. కొండెక్కి వచ్చిన మనిషికి వెంటనే బీపీ చూడకండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, నీళ్లు ఇచ్చి, అప్పుడు చూడండి. ఎక్కువగా ఉంటే పది రోజుల మాత్రలు ఇచ్చి మనం వచ్చేస్తే పదకొండో రోజు ఏమిటి? అందుకే ఏ మందులు పీహెచ్‌సీలో దొరుకుతాయో ముందే మెడికల్ ఆఫీసరును అడిగి, అవే పట్టుకెళ్తున్నాం. దాతలు ఇచ్చిన ఖరీదైన మందుల్లో కొన్నిటిని పక్కన పెట్టించాను, మీలో కొందరికి బాధ కలిగింది. అక్కడ కొనసాగించలేని మందును మొదలుపెట్టే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను. నొప్పుల ఇంజెక్షన్లు కూడా అంతే. కట్టెల మోపులు, కాఫీ బస్తాలు మోసే ఒళ్లు నొప్పులు పుడతాయి, సూది వేస్తే సాయంత్రానికి హాయిగా ఉంటుంది, మనకు మంచి పేరు వస్తుంది. మర్నాడు నొప్పి మళ్లీ వస్తుంది, ఆ మనిషి సూది వేసేవాడిని వెతుక్కుంటూ సంతకు వెళ్తాడు. ఆ అలవాటు మన చేత్తో నేర్పకూడదు.

పిల్లల దగ్గర తూకం యంత్రం కంటే ఆ చిన్న రంగుల టేపు ఎక్కువ మాట్లాడుతుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లలకు మోచేతికి పైన చుట్టి చూడండి. 11.5 సెంటీమీటర్ల లోపైతే టేపు ఎరుపు చూపిస్తుంది, అది తీవ్రమైన పోషకాహార లోపం. టేపు వాడడం ఊరి అంగన్‌వాడీ టీచరుకు వచ్చు. అయినా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చేతే కొలిపించండి.

ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్ గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. 2023 జులైలో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, 2047 లోపు ఈ జబ్బును రూపుమాపాలన్నది లక్ష్యం, మన శిబిరంలోనూ పరీక్ష ఉంటుంది. ఫలితం వరుసలో నిలబెట్టి గట్టిగా చదవకండి. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చిన మనిషికి సాధారణంగా జబ్బు ఉండదు. కానీ ‘ఆ పిల్లకు రక్తం చెడింది’ అన్న మాట గూడెంలో పాకితే ఆమె పెళ్లి ఆగిపోతుంది. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఇంట్లో ఎవరి ముందు చెప్పమంటారో వాళ్లనే అడిగి చెప్పండి. తొందరగా ముగించాలన్న ఆత్రంలో ఇక్కడ మాత్రం జారకండి.

భాష సంగతి. కోందు తెగ పెద్దవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది కువి భాష. కొన్ని ఊళ్లలో ఆదివాసీ ఒడియా నడుస్తుంది. తెలుగు వచ్చిన కుర్రాళ్లు దొరుకుతారు. కానీ ఒక తల్లి తన నెలసరి బాధను పన్నెండేళ్ల కొడుకు నోటితో మనకు ఎలా చెప్పగలదు? ఆడవాళ్ల టేబుల్ దగ్గర ఆడ దుబాసీ తప్పనిసరి. ‘నీకేం జబ్బు’ అని అడిగితే జవాబు రాదు. ‘ఏ పని చేయలేకపోతున్నావమ్మా’ అని అడగండి, నీళ్లు మోయలేనని, కొండెక్కలేనని, రాత్రి పడుకోలేనని చెబుతారు. అక్కడి నుంచి మన వైద్యం మొదలవుతుంది.

ఊళ్లోకి వెళ్లగానే ముందు పెద్దను, దిసారిని కలుస్తాం. దిసారి ముహూర్తాలు చూస్తాడు, పూజ చేస్తాడు, జ్వరం వచ్చినవాళ్లు ముందు ఆయన దగ్గరికే వెళ్తారు. ఆయనతో వాదించవద్దు. పూజ అయ్యాక ఆ మనిషిని ఆశా దగ్గరికి పంపమని ఆయనను అడుగుదాం. ఆయన ఒప్పుకుంటే ఆ ఊరికి మనకంటే ఎక్కువ మేలు చేస్తాడు.

ఊరి మనిషి చేతిలో ఎంత శక్తి ఉందో గడ్చిరోలి చూపించింది. మహారాష్ట్రలోని ఆ అడవి జిల్లాలో 1986లో సెర్చ్ సంస్థను స్థాపించిన డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ ఊళ్లోని ఆడవాళ్లకే పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం, ఒళ్లు వెచ్చగా ఉంచడం, అవసరమైతే యాంటీబయోటిక్ సూది వేయడం కూడా వాళ్లే చేశారు. నవజాత శిశు మరణాలు దాదాపు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. అక్కడ రోజూ పెద్ద డాక్టర్లు ఇంటింటికీ తిరగలేదు, చదువు అంతగా లేని ఆడవాళ్లు తిరిగారు. ఈ రోజు దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్లకు వెళ్లడం వెనక ఆ పని ఉంది.

అందుకే రేపు మధ్యాహ్నం మూడింటికి ఓపీ ఆపేస్తాం. వరుసలో ఇంకా జనం ఉన్నా సరే, వాళ్లలో జ్వరం, పురుడు, పసిబిడ్డలు తప్ప మిగతావాళ్లకు టోకెన్ ఇచ్చి, వచ్చే పీహెచ్‌సీ రోజుకు రమ్మంటాం. మీకు కష్టంగా ఉంటుంది, నాకూ ఉంటుంది. ఆ తర్వాతి సమయమంతా ఆశాతో, ఏఎన్ఎంతో కూర్చుంటాం. రిజిస్టరు నకలు వాళ్లకు ఇస్తాం, 14 రోజుల మందు ఎవరిదో, హిమోగ్లోబిన్ 7 లోపు ఎవరికో, టేపు ఎరుపు చూపిన బిడ్డ ఎవరిదో పేరు పేరునా చదివి అప్పగిస్తాం.

పాడేరు ఆసుపత్రిలో తేలని కేసులు విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి, మనం కేజీహెచ్ అనేదానికి, వస్తాయి. కొండ దాటి ఎన్నడూ రాని మనిషి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి, ఆ జనంలో ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో తెలియక తిరిగి బస్సెక్కేసిన సందర్భాలు నాకు తెలుసు. మీలో విశాఖలో ఉండేవాళ్లు, వారంలో ఒక్క పొద్దు ఖాళీ చేసుకోగలిగినవాళ్లు, వాళ్లను బస్సు దగ్గర కలుసుకుని, వార్డుదాకా తీసుకెళ్లి, తిరిగి బస్సెక్కించే పనికి పేర్లు ఇవ్వండి. ఆ జాబితా కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. ఫోన్ నంబరు, కుదిరే రోజు రాసి వెళ్లండి. జీపులు నాలుగున్నరకి బయల్దేరతాయి.