టైగ్రిస్ నది మీద క్షతగాత్రులు, 1915

సభలోని పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న హౌస్ సర్జన్లకు నమస్కారం.

మొదటి ప్రపంచ యుద్ధంలో భారతీయ సిపాయిలకు జరిగిన వైద్యం అనగానే అందరూ బ్రైటన్ ఫొటోలే చూపిస్తారు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఆ ఊళ్ళో రాయల్ పెవిలియన్ అనే పాత రాజభవనాన్ని 1914 డిసెంబరులో ఆసుపత్రిగా మార్చారు. గుమ్మటం కింద వరసగా మంచాలు, కులమతాలను బట్టి తొమ్మిది వంటశాలలు, హిందువులకూ ముస్లింలకూ వేర్వేరు కుళాయిలు. 1916 జనవరి దాకా సుమారు 4,300 మంది అక్కడ చికిత్స పొందారు. మంచి వైద్యమే జరిగింది, కాదనను. అయితే ఆ వైభవం గురించి ఇంగ్లీషు, ఉర్దూ, గురుముఖిల్లో చిన్న పుస్తకం అచ్చువేసి మరీ ప్రచారం చేశారు. అదే 1915లో అదే సైన్యానికి చెందిన సిపాయిలు ఇంకోచోట ఎలాంటి స్థితిలో పడి ఉన్నారో ఆ ప్రచారంలోకి రాలేదు. ఈ సాయంత్రం వాళ్ళ గురించే మాట్లాడతాను.

అది మెసపొటేమియా, ఇప్పటి ఇరాక్. అక్కడ టర్కీ మీద జరిగిన దండయాత్రను నడిపింది అప్పటి బ్రిటిష్ భారత ప్రభుత్వం. 1915 నవంబరులో జనరల్ టౌన్‌షెండ్ ఆరో డివిజన్‌తో బాగ్దాద్ వైపు వెళ్ళాడు. నవంబరు 22న టెసిఫాన్ దగ్గర టర్కీ సైన్యంతో పోరు మొదలైంది. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి సుమారు 4,500 మంది. వైద్య ఏర్పాట్లేమో కొన్ని వందల మందికి సరిపడేవి!

గాయపడ్డవాళ్ళను స్ప్రింగుల్లేని బండ్లలో ఎక్కించి నది ఒడ్డుకు తోలారు. తొడ ఎముక విరిగిన మనిషిని గతుకుల నేల మీద అలాంటి బండిలో తీసుకెళ్తే లోపల ఏం జరుగుతుందో ఈ గదిలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. నది దాకా వచ్చాకైనా ఆసుపత్రి పడవలున్నాయా అంటే లేవు. మందుగుండు, తిండిగింజలు పైకి చేరవేసే స్టీమర్లే తిరుగు ప్రయాణంలో వీళ్ళను డెక్కు మీద పడుకోబెట్టుకుని వచ్చాయి. బస్రా చేరేసరికి దాదాపు రెండు వారాలు పట్టింది.

బస్రా రేవులో ఆసుపత్రి నౌక 'వరేలా' మీద ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టరు మేజర్ కార్టర్ ఎదురుచూస్తున్నాడు. 'మెజిదియే' అనే స్టీమరు రెండు ఇనుప బార్జీలను, అంటే బల్లపరుపు సరుకు పడవలను, పక్కన కట్టుకుని వచ్చింది. దూరం నుంచి చూస్తే దాని పక్కల నుంచి తాళ్ళు వేలాడుతున్నట్టు కనిపించిందట. దగ్గరికొచ్చాక తెలిసింది, అవి తాళ్ళు కావు, ఎండిపోయిన మలం. విరేచనాలతో లేవలేక పడి ఉన్నవాళ్ళకు డెక్కే దొడ్డి అయింది. ఒళ్ళంతా పుండ్లు పడ్డవాళ్ళున్నారు. విరిగిన కాళ్ళకు విస్కీ పెట్టెల చెక్కముక్కలు ఆనించి, పశువుల మేత కట్టే ఇనుప తీగతో బిగించారు. నిజమైన స్ప్లింట్లు లేవు.

కార్టర్ చూసింది చూసినట్టు రాశాడు. పై అధికారులు నోరు మూసుకోమన్నారు, అరెస్టు చేయిస్తామన్నారు, నౌక బాధ్యత లాగేసుకుంటామని బెదిరించారు. మరోవైపు క్షతగాత్రుల ఏర్పాట్లు ఎంతో తృప్తికరంగా ఉన్నాయని పైకి తంతి వెళ్ళింది. నాకు ఆ పడవ కంటే ఈ తంతి ఎక్కువ కోపం తెప్పిస్తుంది. పడవల కొరత యుద్ధంలో రావచ్చు. ఉన్న కొరతను ఉన్నట్టు చెప్పి ఉంటే తర్వాత దెబ్బ తిన్నవాళ్ళకైనా పడవలు వచ్చేవి. చెప్పకపోవడం వల్ల 1916 మొదట్లో, టౌన్‌షెండ్ డివిజన్ టర్కీ ముట్టడిలో చిక్కుకున్న కుత్ పట్టణాన్ని విడిపించడానికి జరిగిన పోరాటాల్లో మళ్ళీ వేలమంది గాయాలతో అలాగే నరకం చూశారు.

కార్టర్ మాత్రం తగ్గలేదు. విచారణలు జరిగాయి. 1916లో దండయాత్ర పగ్గాలు లండన్ వార్ ఆఫీసు చేతికి వెళ్ళాయి. ఆ తర్వాత ఆసుపత్రి పడవలు, మోటారు అంబులెన్సులు వచ్చాయి. 1917లో మెసపొటేమియా కమిషన్ నివేదిక అచ్చయ్యాక, భారత వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లిన్ రాజీనామా చేశాడు.

ఇదే డివిజన్‌తో వెళ్ళిన బెంగాలీ డాక్టరు కెప్టెన్ కల్యాణ్ ముఖర్జీ పేరు కూడా చెప్పాలి. కుత్ ముట్టడిలో చిక్కుకుని, 1916 ఏప్రిల్ 29న ఆ పట్టణం లొంగిపోయాక బందీ అయ్యాడు. 1917లో, ఇప్పటి సిరియాలోని రాస్ అల్ ఐన్‌లో చనిపోయాడు. ఇక స్ట్రెచర్లు, డోలీలు మోసిన కూలీల పేర్లు చాలావరకు ఎక్కడా కనిపించవు.

మన ప్రాంతానికీ ఇందులో పాలుంది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ప్రెసిడెన్సీ ప్రజల చందాలతో 'మద్రాస్' అనే ఆసుపత్రి నౌక నడిచింది, తూర్పు ఆఫ్రికాలోనూ మెసపొటేమియాలోనూ సేవ చేసింది. మీ ఊళ్ళలో పాత ఇళ్ళ పెట్టెల్లో మద్రాస్ వార్ ఫండ్ రసీదులు గానీ, బస్రా నుంచి వచ్చిన ఉత్తరాలు గానీ ఉంటే పారేయకండి. దగ్గర్లోని ఆర్కైవ్స్‌కు ఇవ్వండి, కనీసం ఫొటో తీసి పెట్టండి.