రోహిణి పక్కన పుడుతున్న లోకాలు

శ్రోతలకు నమస్కారం. కార్తీక మాసంలో, రాత్రి భోజనాలయ్యాక తూర్పు వైపు చూస్తే ఎర్రగా మెరిసే రోహిణి నక్షత్రం కనిపిస్తుంది. చేయి చాచి రెండు వేళ్లు అడ్డం పెడితే ఎంత మేర మరుగవుతుందో, రోహిణికి ఆపాటి దూరంలోనే, కంటికి ఆనని ఒక పసి నక్షత్రం ఉంది. దానిని హెచ్.ఎల్. టౌరి అంటారు. నిజానికి రోహిణి మనకు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, ఇది సుమారు 450 కాంతి సంవత్సరాల అవతల ఉంది. దీని వయసు పది లక్షల సంవత్సరాలకు మించదని అంచనా.

చిలీ దేశపు అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా రేడియో టెలిస్కోపు 2014లో దీని చిత్రాన్ని తీసింది. నక్షత్రం చుట్టూ పళ్లెంలా పరుచుకున్న ధూళిలో వెలుగు వలయాలూ, వాటి నడుమ చీకటి సందులూ అందులో స్పష్టంగా కనిపించాయి. ఆ సందులను ఊడ్చినవి పుడుతున్న గ్రహాలేనని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంత చిన్న వయసులోనే ఈ పని ఇంత దూరం వచ్చి ఉంటుందని అంతకుముందు చాలామంది ఊహించలేదు.

ఎందుకంటే ధూళి గ్రహం కావడం తేలిక కాదు. మంచం కింద పేరుకున్న దుమ్ము నూగు ఉండల్లా చుట్టుకున్నట్టే, అక్కడి సన్నని రేణువులు ఒకదానికొకటి అంటుకొని గులకరాళ్లంత అవుతాయి. చిక్కంతా ఆ తరువాతే. పళ్లెంలోని వాయువు రాళ్లకంటే కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి, ఎదురుగాలిలో సైకిలు తొక్కేవాడిలా రాయి వేగం కోల్పోతుంది. మీటరు పరిమాణం గల బండ, భూమి ఉన్నంత దూరంలో ఉంటే, కొన్ని వందల సంవత్సరాలలోనే నక్షత్రంలోకి జారిపోతుంది. అయితే గులకరాళ్లు గుంపుగా చేరిన చోట ఎదురుగాలి పోటు తగ్గుతుంది, దానితో మరిన్ని వచ్చి చేరతాయి, చివరకు ఆ గుంపు తన బరువుకు తానే కుంగి, కిలోమీటర్ల కొద్దీ వెడల్పున్న శిల అవుతుంది. నేటి పరిశోధకులలో ఎక్కువమంది మొగ్గు ఈ వివరణ వైపే. నాకూ ఇదే సబబుగా తోస్తుంది.

అటువంటి శిలలు ఢీకొని కలిసిపోతూ గ్రహాలవుతాయి. గురుడివంటి పెద్ద గ్రహాలకు మాత్రం, వాయువు చెదిరిపోయేలోగా, అంటే కొన్ని పదుల లక్షల సంవత్సరాలలోనే, దానిని పోగుచేసుకోవలసిన తొందర ఉంటుంది.

పి.డి.ఎస్. 70 అనే మరో పసి నక్షత్రం దగ్గర ఇలా పెరుగుతున్న రెండు గ్రహాలు నేరుగా కనిపించాయి. వాటిలో ఒకదాని చుట్టూ మరో చిన్న ధూళి పళ్లెం ఉన్నట్టు 2021లో ఆల్మా చూపింది. మన చందమామవంటివి మూడు తయారు కావడానికి సరిపడే ధూళి అందులో ఉంది.