సబ్జెక్ట్ లేని మెయిళ్లు: ట్రాష్‌కి పంపే ముందు ఒక్క మాట

నమస్తే అండీ. మా పెద్దమ్మ బ్లడ్ టెస్ట్ రిపోర్టు ఫొటో తీసి నాకు మెయిల్ చేసింది. షేర్ నొక్కింది, నా పేరు ఎంచుకుంది, పంపింది. సబ్జెక్ట్ అనే గడి ఒకటి ఉంటుందని ఆవిడ పట్టించుకోలేదు. వారం తర్వాత ఫోన్ చేసి, “డాక్టరుకి చూపించావా నాన్నా?” అంది. నాకేమో మెయిలే రాలేదు. వెతికితే ట్రాష్‌లో దొరికింది. 30 రోజులు దాటి ఉంటే అక్కడా ఉండేది కాదు. సబ్జెక్ట్ లేనివన్నీ ట్రాష్‌కి పోవాలని ఫిల్టర్ పెట్టింది నేనే. చాలా బాధేసింది.

ఆ ఫిల్టర్ ఎందుకు పెట్టానంటారా? రోజూ పొద్దున్నే నాలుగైదు వచ్చేవి. పంపినవాళ్ల పేరు చోట అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉండేవి, లోపల ఒకే ఒక్క లింకు. విసుగు రాదా మరి?

ఈ ఫిల్టర్ పెట్టడంలో చాలామంది ఒకచోట తడబడతారు. జీమెయిల్‌లో అలాంటి మెయిల్ మీద ‘నో సబ్జెక్ట్’ అని కనిపిస్తుంది కదా, ఆ మాటనే ఫిల్టర్‌లో టైప్ చేస్తారు. కానీ ఆ మాట మెయిల్లో లేదు. ఖాళీగా కనిపించకుండా జీమెయిల్ తనంతట తాను పెట్టి చూపిస్తుంది, అంతే. మెయిల్లో లేని మాటను ఫిల్టర్ ఎలా పట్టుకుంటుంది?

అసలు సబ్జెక్ట్ లేకపోవడం తప్పేమీ కాదు. మెయిల్ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5322, 2008లో వచ్చింది. దాని ప్రకారం హెడర్‌లో, అంటే మెయిల్ పైన వివరాలుండే భాగంలో, తప్పనిసరిగా ఉండాల్సినవి రెండే: తేదీ, ఎవరి నుంచి అన్నది. సబ్జెక్ట్ ఐచ్ఛికం.

ఇంకో చిట్కా కూడా చెబుతుంటారు. మెయిళ్లన్నీ పక్కన పెట్టు, సబ్జెక్ట్‌లో ఎ, ఇ, ఐ, ఓ, యూ అనే ఇంగ్లిష్ అచ్చుల్లో ఏ ఒక్కటున్నా వదిలెయ్ అని రూల్ రాయడం. తెలివైన ఆలోచనే. మరి ‘రేపటి మీటింగ్ వాయిదా’ అని ఎవరైనా తెలుగులిపిలో సబ్జెక్ట్ రాస్తే? అందులో ఇంగ్లిష్ అచ్చు ఒక్కటీ లేదు. ఆ రూల్‌కి అది ఖాళీ కిందే లెక్క! తెలుగులో రాసేవాళ్ల మెయిళ్లే ముందు పోతాయి. అందుకే ఈ చిట్కా వద్దంటాను.

ఖాళీలో కూడా రెండు రకాలున్నాయి. కొన్ని మెయిళ్లలో సబ్జెక్ట్ అనే హెడర్ లైనే ఉండదు. కొన్నిటిలో లైను ఉంటుంది, కోలన్ తర్వాత ఏమీ ఉండదు. చూడ్డానికి మనకు రెండూ ఒకటే, ఫిల్టర్‌కి కాదు. మీ మెయిల్ సర్వీసులో సీవ్ (మెయిల్ ఫిల్టర్లు రాసే చిన్న భాష) రూల్స్ రాసుకునే వీలుంటే రెండు షరతులూ పెట్టండి: హెడర్ లేకపోయినా, ఉండి ఖాళీగా ఉన్నా. ఒక్కటే పెడితే రెండో రకం జారిపోతుంది.

ఇప్పుడు నా ఫిల్టర్ ట్రాష్ జోలికి పోదు. కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్ల మెయిల్ ఎలా వచ్చినా ఇన్‌బాక్స్‌కే. మిగతావి ‘ఖాళీ సబ్జెక్ట్’ అనే ఫోల్డర్‌లోకి. ఆదివారం ఒకసారి తెరిచి చూస్తాను. లింకులు నొక్కను. స్పామ్ అయితే ఊరికే డిలీట్ చేయకుండా స్పామ్ అని రిపోర్ట్ చేస్తాను, అలా చేస్తే సర్వీసు కూడా కొంత నేర్చుకుంటుంది.

మొన్న ఆదివారం అందులో పద్నాలుగు ఉన్నాయి. పదమూడు చెత్తే. పద్నాలుగోది నాతో పాత ఆఫీసులో పనిచేసినావిడ కొత్త అడ్రస్ నుంచి పంపింది. రెండు నెలలుగా నేను అడుగుతున్న ఫైల్ అందులో ఉంది.