పాత ఫోర్డ్ 8ఎన్‌తో గడ్డి కోయాలంటే

హోస్ట్: అందరికీ నమస్కారం. అమెరికాలో ఊరవతల నాలుగైదు ఎకరాలు కొనుక్కుంటున్న మనవాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. కొన్నాక మొదటి వేసవికే గడ్డి నడుమెత్తు పెరిగి కూర్చుంటుంది. ఆ గడ్డి కోయడానికి కొత్త ట్రాక్టర్ కొనకుండా 1949 నాటి ఫోర్డ్ 8ఎన్ బాగుచేసుకుని నడుపుతున్న ఒక పెద్దాయన ఈరోజు మనతో ఉన్నారు. డాలస్‌కి ఉత్తరాన, రెడ్ రివర్ వైపు ఉంటారు. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి బాబాయ్ గారనే పిలుస్తాను. బాగున్నారా బాబాయ్ గారూ?

బాబాయ్: బాగున్నానమ్మా. పేరు బయటికొస్తే శనివారం పొద్దున్నే అందరూ వాళ్ల డొక్కు బండ్లు మా ఇంటికి తోలుకొస్తారు. అందుకే వద్దన్నాను.

హోస్ట్: (నవ్వు) అసలు డెబ్బై ఐదేళ్లు దాటిన బండిని మ్యూజియంలో పెట్టాలి గానీ పొలంలో తిప్పుతారా ఎవరైనా?

బాబాయ్: మ్యూజియంలో పెట్టడానికి అదేం అరుదైన సరుకు కాదు. 1947 నుంచి 1952 దాకా ఐదు లక్షలకు పైగా చేశారు. ఇక్కడి పల్లెల్లో చాలా షెడ్లలో ఇప్పటికీ ఒకటి పడి ఉంటుంది. ఇంజనూ గేర్ బాక్సూ ఎరుపు, పైన రేకులు బూడిదరంగు. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, రెండు లీటర్లకు కాస్త తక్కువ. పాతిక హార్స్‌పవర్ అటూ ఇటూ ఇస్తుంది. వెనక తగిలించి గడ్డి కోసే ఐదడుగుల రోటరీ కట్టర్‌కి సరిగ్గా సరిపోతుంది, ఆరడుగులది తగిలిస్తే మూలుగుతుంది. చాలా విడిభాగాలు ఈరోజుకీ కొత్తవి దొరుకుతాయి. నేను దీన్ని ఎంచుకోవడానికి సగం కారణం అదే.

హోస్ట్: మనవైపు ట్రాక్టర్ అంటే మాసీ ఫెర్గూసన్ గుర్తొస్తుంది. దానికీ దీనికీ చుట్టరికం ఉందంటారు, నిజమేనా?

బాబాయ్: దగ్గరి చుట్టరికమే. హ్యారీ ఫెర్గూసన్ ఐర్లండ్ మనిషి. వెనకవైపు మూడు చోట్ల పనిముట్టు తగిలించి, హైడ్రాలిక్‌తో లేపుతూ దించుతూ ఉండే పద్ధతి ఆయనదే. మన కల్టివేటర్‌కి కింద రెండు చేతులు, పైన టాప్ లింకు ఉంటాయి చూడు, అదే. 1938లో ఆయనా హెన్రీ ఫోర్డూ కాగితం రాసుకోకుండా చేతిలో చెయ్యేసి ఒప్పందం చేసుకున్నారు. మరుసటేడు ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. హెన్రీ ఫోర్డ్ తర్వాత ఆయన మనవడి చేతికి కంపెనీ వచ్చింది, ఒప్పందం తెగింది. 1947లో ఫోర్డ్ సొంతంగా 8ఎన్ దించింది. ఫెర్గూసన్ కోర్టుకెక్కాడు. 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

హోస్ట్: నోటిమాట ఒప్పందం అంత దూరం తెచ్చిందన్నమాట.

బాబాయ్: తెచ్చింది మరి. ఈలోపు ఫెర్గూసన్ ఇంగ్లండులో కోవెంట్రీలో తన పేరుతోనే ట్రాక్టర్లు చేయించాడు, తర్వాత మాసీ హ్యారిస్‌తో కలిశాడు. 1960లో మద్రాసులో టాఫే అనే ట్రాక్టర్ల కంపెనీ వచ్చింది మాసీ ఫెర్గూసన్ సహకారంతో. మా నాన్న తెనాలి పక్కన బాడుగకి తిప్పిన 1035 ఆ వంశంలోదే. 8ఎన్ సీటు మీద కూర్చుని హైడ్రాలిక్ లివర్ మీద చెయ్యేస్తే నాకు కొత్త అనిపించలేదు.

హోస్ట్: కొన్నప్పుడు స్టార్ట్ అయ్యేదా?

బాబాయ్: "నడుస్తుంది, బ్యాటరీ కాస్త వీక్" అన్నాడు అమ్మినాయన. 8ఎన్ అమ్మేవాళ్లలో సగం మంది ఇదే మాట చెబుతారు. చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, వైర్లది. ఇది 6 వోల్టుల బండి. అదే పనికి 12 వోల్టుల బండి కంటే రెట్టింపు కరెంటు లాగుతుంది. మధ్యలో ఎవరో కారు వైర్లు కొనుక్కొచ్చి బిగించేస్తారు. అవి సన్నం. సెల్ఫ్ కొట్టగానే వేడెక్కుతాయి తప్ప మోటరుకి కరెంటు సరిగ్గా అందదు. వేలి లావు కేబుళ్లు వేసి, ఎర్త్ తగిలే చోట రంగు గీకి ఇనుము తేలేలా రుద్దితే అదే బ్యాటరీతో ఇంజను చటుక్కున తిరుగుతుంది. ఇంకోటి, దీనికి ప్లస్ ఎర్త్. మన అలవాటుకి రివర్సు. తెలియక మైనస్ బాడీకి కలిపితే చార్జింగ్ దెబ్బతింటుంది.

హోస్ట్: చాలామంది 12 వోల్టులకి మార్చేస్తారట కదా?

బాబాయ్: మారుస్తారు. తప్పేం లేదు, కాకపోతే స్పార్క్‌కి కరెంటిచ్చే కాయిల్‌కి సరిపడా రెసిస్టర్ వేయాలి, లేదంటే మాడిపోతుంది. నేను మార్చలేదు. 6 వోల్టులు పనిచేయవనేది వైర్లు చూడని వాళ్ల మాట.

హోస్ట్: స్పార్క్ వైపు వద్దాం. పాయింట్లు, కండెన్సర్ అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు.

బాబాయ్: తెలియాల్సింది కొంచెమే. పాయింట్లంటే తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చు, కండెన్సర్ అవి కాలిపోకుండా కాపాడుతుంది. అవి ఉండేది ప్లగ్‌లకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌లో. 1950 మధ్యలో డిస్ట్రిబ్యూటర్‌ని ఇంజను పక్కకి మార్చారు. అంతకుముందువి ముందువైపు, ఫ్యాను వెనక దూరి ఉంటాయి. నాది ముందుది. అక్కడే ఉంచి పాయింట్లు సర్దుదామంటే చెయ్యి దూరదు, కళ్లు కనపడవు. రెండు బోల్టులు విప్పి మొత్తం ఊడదీసి బల్ల మీద పెట్టుకోవాలి. చాలామందికి ఇక్కడే టెన్షన్, ఊడదీస్తే టైమింగ్ పోతుందేమోనని. పోదు. దాని కింద నాలుక ఒక పక్కకి జరిపి ఉంటుంది, ఒక్క తీరుగానే కూర్చుంటుంది. ఆ డిజైన్ చేసినవాడికి దణ్ణం పెట్టాలి. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఫీలర్ గేజ్ పెట్టి 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను ఉంచాలి. పక్క డిస్ట్రిబ్యూటర్ అయితే 25 థౌ. గేజ్ లాగుతుంటే సన్నగా పట్టినట్టుండాలి, బిగుసుకోకూడదు. ప్లగ్ వైర్ల వరస 1-2-4-3. మన చేతికి అలవాటైన 1-3-4-2 వేశావనుకో, రోజంతా సెల్ఫ్ కొడుతూ కూర్చోవాల్సిందే.

హోస్ట్: పెట్రోలు సంగతి?

బాబాయ్: పది నిమిషాలు నడిచి ఆగిపోయి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ అయితే జనం కార్బొరేటర్ మార్చేస్తారు. ముందు దాని అడుగున బోల్టు విప్పి కింద డబ్బా పెట్టి చూడు. ధార అలా వస్తూనే ఉండాలి. మొదట బాగా వచ్చి తర్వాత సన్నబడిందంటే పైనుంచే రావడం లేదన్నమాట. జాలీలు మూడుంటాయి. ఒకటి ట్యాంకులోకి నిలబడి ఉంటుంది, ఒకటి గాజు గిన్నె పైన, మూడోది కార్బొరేటర్‌కి పైపు కలిసే మోచేతి లోపల. ఈ మూడోదాని సంగతి ఎవరికీ తెలియదు. తుప్పంతా అక్కడే చేరుతుంది.

హోస్ట్: ఇంజను అయింది. ఇప్పుడు కట్టర్ తగిలించి పొలంలో దిగొచ్చా?

బాబాయ్: ఆగమ్మా. నేను చెప్పాలని వచ్చింది ఈ ముక్కే. దున్నడానికి, ట్రాలీ లాగడానికి 8ఎన్ మంచి బండి. గడ్డి కోయడానికి వచ్చేసరికి దానికొక గుణం ఉంది, అది తెలియకుండా ఎక్కకూడదు. కట్టర్‌ని తిప్పేది పీటీఓ, అంటే ఇంజను బలాన్ని వెనక పనిముట్టుకి అందించే షాఫ్ట్ కదా. ఇప్పటి బండ్లలో పీటీఓకి విడిగా క్లచ్ ఉంటుంది. 8ఎన్‌లో పీటీఓ ఉండేది గేర్ బాక్సు దారిలోనే, ఉన్నది ఒకటే క్లచ్. కంచె దగ్గరికొచ్చావు, క్లచ్ తొక్కావు. ఇంజను విడిపోయింది. వెనక కట్టర్ బ్లేడ్లు బరువైన ఇనుము, అవి ఆగవు. అవి తిరుగుతూ పీటీఓని తిప్పుతాయి, పీటీఓ గేర్లని, గేర్లు చక్రాల్ని. క్లచ్ పూర్తిగా తొక్కి ఉన్నా బండి నిన్ను ముందుకు తోస్తూ పోతుంది.

హోస్ట్: అమ్మో! అంటే కంచెలోకే?

బాబాయ్: కంచెలోకో, చెరువులోకో, ముందున్న మనిషి మీదికో. బ్రేకు తొక్కినా బ్లేడ్లతో కుస్తీ పట్టాలి, పాత బ్రేకులు ఆ కుస్తీలో గెలవవు. దీనికి మందు ఓవర్‌రన్నింగ్ కప్లర్. పీటీఓ షాఫ్ట్ చివర ఎక్కుతుంది. ఇంజను కట్టర్‌ని తిప్పగలదు, కట్టర్ ఇంజనువైపు తిప్పలేదు. సైకిల్ తొక్కడం ఆపినా వెనక చక్రం టకటకమంటూ తిరుగుతుంది చూడు, అదే పని. పెద్ద ఖర్చు కూడా కాదు. రంగు వేయించడానికి పెట్టే డబ్బులో చిన్న వంతు. కప్లర్ లేని 8ఎన్‌తో నేను ఎవరినీ గడ్డి కోయనివ్వను.

హోస్ట్: తెచ్చి బిగిస్తే సరిపోతుందా?

బాబాయ్: రెండు చూసుకోవాలి. పాత 8ఎన్ పీటీఓ షాఫ్ట్ అంగుళం పైన ఎనిమిదో వంతు, అంటే 1⅛ అంగుళాలు. ఇప్పటి కట్టర్లవి 1⅜ అంగుళాలు. రెండింటినీ కలిపే కప్లరే దొరుకుతుంది. రెండోది పొడవు. కప్లర్ నాలుగైదు అంగుళాలు వెనక్కి పొడుచుకొస్తుంది, అప్పుడు కట్టర్ షాఫ్ట్ పొడవైపోతుంది. లిఫ్ట్ లేపినప్పుడు లోపలి గొట్టం బయటి గొట్టం అడుగు తాకితే ఆ తోపుడంతా గేర్ బాక్సు బేరింగ్ మీద పడుతుంది. లిఫ్ట్‌ని కింది నుంచి పైదాకా మెల్లగా లేపి, ఎక్కడ దగ్గరవుతుందో చూసుకుని రెండు గొట్టాలూ సమానంగా కోయాలి. ప్లాస్టిక్ కవచం కూడా అంతే కోసి మళ్లీ తొడగాలి, తీసి పారేయకూడదు. తిరిగే షాఫ్ట్‌కి చొక్కా అంచు చిక్కితే మనిషి దక్కడు.

హోస్ట్: హైడ్రాలిక్ కూడా ఆ ఒక్క క్లచ్ మీదేనా?

బాబాయ్: అదే ఇంకో తిరకాసు. హైడ్రాలిక్ పంపు నడిచేది కూడా పీటీఓతోనే. ఎడమవైపు పీటీఓ లివర్ వేయకపోతే లిఫ్ట్ లేవదు. క్లచ్ తొక్కినంతసేపూ లేవదు. ఎదురుగా మొద్దు కనపడగానే క్లచ్ తొక్కి లివర్ లాగితే కట్టర్ అక్కడే ఉంటుంది. ముందే లేపడం అలవాటు చేసుకోవాలి. అందుకే నేను కోత ఎత్తు లిఫ్ట్‌కి వదిలేయను. టాప్ లింకు పిన్ను దగ్గర్నుంచి కట్టర్‌కి రెండు గొలుసులు కట్టాను, నాలుగు అంగుళాల కంటే కిందికి దిగకుండా. లిఫ్ట్ కారినా కోత మారదు.

హోస్ట్: కోసేటప్పుడు ఇంజను ఎంత స్పీడులో ఉంచాలి?

బాబాయ్: ఇంజను నిమిషానికి 1500 చుట్ల దగ్గర పీటీఓ 540 ఇస్తుంది, కట్టర్‌కి కావలసింది అదే. ముందు డిస్ట్రిబ్యూటర్ బండ్లకి మీటరు లేదు, చెవే మీటరు. ఫస్ట్ గేర్ కూడా మనిషి నడకంత ఉంటుంది, దట్టంగా ఉన్నచోట అదీ ఎక్కువే. అప్పుడు సగం వెడల్పే కోయాలి. క్లచ్ సగం తొక్కి నెమ్మదించడం మాత్రం వద్దు.

హోస్ట్: మీ దగ్గర ఏం గడ్డి?

బాబాయ్: జాన్సన్ గడ్డి. జొన్నకి దాయాది, ఆకు చూస్తే జొన్న చేనే అనుకుంటావు. మన జొన్న పిలకలు తిని పశువులు పడిపోతాయి చూడు, మంచు కొట్టాక దీంట్లోనూ ఆ విషమే. పక్కాయన ఆవులున్నాయి కాబట్టి కంచె వెంబడి అసలు పెరగనివ్వను. వేళ్లతో పాకుతుంది, ఒక్క కోతతో చావదు. గింజ పట్టకముందే కోస్తూ ఉంటే వేరు నీరసిస్తుంది. నేలేమో అచ్చం మన నల్లరేగడి. వాన పడ్డ మర్నాడు దిగితే బండి కూరుకుపోతుంది, ఎండితే పాదం పట్టే నెర్రెలు. దిగేముందు కాలినడకన ఒక చుట్టు తిరగాలి. ముళ్ల తీగ ముక్క బ్లేడ్లకి చుట్టుకుంటే విప్పేసరికి సాయంత్రమవుతుంది. పైగా దీని సైలెన్సర్ బండి కిందనుంచి పోతుంది. ఆగస్టులో ఎండుగడ్డిలో ఆపితే అంటుకోవచ్చు. మంటలార్పే సిలిండర్ ఫెండర్‌కి బిగించే ఉంచాను.

హోస్ట్: బోల్తా పడే భయం లేదా? పైన రక్షణ కమ్మీ కూడా లేదుగా.

బాబాయ్: ఫ్యాక్టరీ నుంచి రాలేదు. నేను కమ్మీ, బెల్టు పెట్టించాను. గట్టు వాలుగా ఉన్నచోట అడ్డంగా పోను, అక్కడ చేత్తో కోస్తాను. మొద్దు లాగాలంటే గొలుసు కింది డ్రాబార్‌కే కట్టాలి. టాప్ లింకు చోట కట్టి లాగితే ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడుతుంది, రెండు సెకన్లు కూడా పట్టదు. దూకే టైముండదు.

హోస్ట్: చివరిగా, ఎవరైనా ఒకటి కొనాలనుకుంటే ఏం చూడాలి?

బాబాయ్: రంగు మెరుస్తుంటే అనుమానించు. ఇంజను ఎడమవైపు బ్లాకు మీద 8ఎన్ అని మొదలయ్యే నంబరు ఉంటుంది, అది చూడు. గేర్ బాక్సుకీ హైడ్రాలిక్‌కీ ఆయిల్ ఒకటే. డిప్ స్టిక్ తీస్తే పాలు కలిసిన టీలా ఉందంటే నీళ్లు దిగాయి, బేరం తగ్గించు. తర్వాత వెనక ఏదైనా బరువు తగిలించమని, పూర్తిగా లేపి ఇంజను ఆపమను. కదలకుండా నిలబడితే డబ్బు మాట ఎత్తు. అప్పుడే కిందికి జారుతుంటే లిఫ్ట్ పైమూత తీయాల్సిన పనుంది.

హోస్ట్: మా ఆయన ఒకటి చూసొచ్చారు బాబాయ్ గారూ. కొత్త రంగు, పీటీఓ ఉత్తదే, కప్లర్ లేదు.

బాబాయ్: కప్లర్ డబ్బులు ధరలో తగ్గించమనమ్మా. అది బిగించాక నాకు ఫోన్ చేయమను, నేనే వచ్చి షాఫ్ట్ కొలుస్తాను.