ఎడమవైపు మూడో పలక

అధ్యక్షులవారికి, నిర్వాహకులకు, పొద్దున్నుంచి బల్లలు మోసి, పట్టాలు కలిపి, వైర్లు లాగి, తీరా కూర్చుందామంటే కుర్చీ దొరక్క గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకు, ముందు వరసలో ఉన్న పిల్లలకు, వాళ్లను తీసుకొచ్చి గంట నుంచీ గడియారం చూసుకుంటున్న పెద్దలకు నమస్కారం. ఎవరినైనా వదిలేస్తే మన్నించాలి. అన్నట్టు, పక్క గదిలో బొమ్మ రైళ్లు ఆగిపోకుండా చూస్తానని చెప్పి ఈ ప్రసంగం తప్పించుకున్న మిత్రుడికి కూడా నమస్కారం. తెలివైనవాడు.

నాకు ఇచ్చిన విషయం ‘మొదటిసారి ఎయిర్‌బ్రష్ పట్టుకునేవారికి సూచనలు’. ఎయిర్‌బ్రష్ అంటే గాలి ఒత్తిడితో రంగు చిమ్మే కలం, మన బొమ్మ రైళ్లకు రంగు వేసేది దాంతోనే. అరగంట టైమిచ్చారు. తొమ్మిది అంశాలు కాగితం మీద రాసుకొచ్చాను. ఈసారి దారి తప్పనని ఇంట్లో మాటిచ్చి మరీ బయల్దేరాను.

మొదటిది కడగడం. నవ్వకండి. ప్లాస్టిక్ బాడీ అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి అచ్చుకు ఏదో ఒక జిడ్డు పూస్తారు. అది బాడీ మీద కొంత మిగులుతుంది. దానికి మన వేళ్ల జిడ్డు తోడు. వీటి మీద రంగు నిలవదు, మాస్కింగ్ టేపు పీకగానే టేపుతో పాటు లేచొస్తుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. మరిగే నీళ్లు వద్దు, బాడీ వంకర పోతుంది. ఆరాక మళ్లీ వట్టి చేత్తో ముట్టుకోవద్దు.

రెండోది ప్రైమర్, అంటే అసలు రంగుకు ముందు వేసే పునాది పూత. బూడిద రంగుది వాడండి. గీతలు, అతుకులు, జిగురు మరకలు ఉంటే అక్కడే బయటపడతాయి. ప్రైమర్ దగ్గర కనిపించిన తప్పును ‘పైరంగు కప్పేస్తుందిలే’ అని వదిలేస్తే, ఆ పైరంగే దాన్ని ఊరంతా చాటుతుంది.

మూడోది పలుచన. రంగు పాలంత పలుచగా ఉండాలి. గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ మధ్య పెట్టుకుని మొదలుపెట్టండి. చిమ్మడం బండి మీద మొదలుపెట్టకూడదు, బండి మీద ఆపకూడదు. ఇటు ఖాళీలో మొదలై, బండి మీదుగా సాగి, అటు ఖాళీలో ఆగాలి. ఒక్కసారే దట్టంగా కాకుండా నాలుగైదు పలుచని పొరలు వేయాలి. ఎందుకో లెక్క చెబుతాను. హెచ్‌ఓ అనే మోడల్ కొలత 1:87, అంటే మన బండి అసలు బండిలో 87వ వంతు. మన రంగు పొర మందం మిల్లీమీటరులో పదో వంతు ఉందనుకోండి. అసలు బండి మీద అది దాదాపు 9 మిల్లీమీటర్లు! అసలు రైలుకు అంత మందాన రంగు పూస్తే రివెట్లన్నీ అందులో మునిగిపోతాయి. మన బండ్ల మీద జరుగుతున్నది అదే. తయారీవాళ్లు అచ్చులో అంత కష్టపడి చెక్కిన రివెట్లను మనం రంగు పోసి పూడ్చేస్తున్నాం.

చూశారా, మూడు అంశాలు వరసగా చెప్పాను. అధ్యక్షులవారు ఆశ్చర్యంగా చూస్తున్నారు.

నాలుగోది రంగు ఎంపిక. ఇక్కడ ఒక చిన్న మాట చెప్పి ముందుకు వెళ్తాను.

నల్ల ఇంజన్‌కు నల్ల సీసా, ఎర్ర వ్యాగన్‌కు ఎర్ర సీసా తెరిచి కొట్టేస్తే అయిపోదు. దూరం పెరిగే కొద్దీ రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. అరచేతిలో పట్టే ఇంజన్‌ను మనం చూస్తున్నామంటే, అసలు ఇంజన్‌ను చాలా దూరం నుంచి చూస్తున్నట్టే. అందుకని నలుపులో కాస్త బూడిద రంగు కలపాలి. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఒక బండి మీద ఒకే రంగు ఎప్పుడూ ఉండదు. పనిచేసే బండి మీద అసలే ఉండదు. ఇది చెప్పాలంటే నా సంచిలో ఉన్న ఈ చిన్న వ్యాగన్ తీయాలి. తీయకూడదనే అనుకున్నాను.

ఇదిగో. వెనక వాళ్లకు కనిపించదు, పొడవు ఆరున్నర సెంటీమీటర్లే. బ్రిటన్‌లో బొగ్గు మోసిన ఏడు పలకల చెక్క వ్యాగన్, 1:76లో. అక్కడి బొగ్గు గనులకు, బొగ్గు వర్తకులకు సొంత వ్యాగన్లు ఉండేవి. పక్కల మీద యజమాని పేరు బారెడు అక్షరాలతో రాయించుకునేవారు. 1939లో యుద్ధం రాగానే ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. 1948లో రైల్వేలు జాతీయం అయినప్పుడు 5 లక్షలకు పైగా ఇలాంటి వ్యాగన్లు కొత్త యాజమాన్యం నెత్తిన పడ్డాయి. వాటన్నిటికీ మళ్లీ రంగు వేయించే తీరిక ఎవరికుంది? ఎడమ మూలన కింద చిన్న నల్ల చతురస్రం పూసి, అందులో తెల్ల అక్షరాలతో ‘పీ’ అని, పక్కన ఒక నంబరు వేసి పంపేశారు. పలక విరిగితే కొత్త పలక బిగించారు. ఆ పలకకు రంగు లేదు. పచ్చి చెక్కే. దాంతో పాత యజమాని పేరు మధ్యలో తెగిపోయేది. పైన సగం అక్షరం, కింద సగం అక్షరం, నడుమ వట్టి చెక్క.

ఆ కాలపు ఫోటోల్లో ఇలాంటివి చూసి నాకు నిద్ర పట్టలేదు. ఒక వ్యాగన్ కొన్నాను. తలుపుకు ఎడమవైపు, పైనుంచి మూడో పలక. వెడల్పు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. దాని మీద రంగు గీకేసి, బ్లేడు మొనతో చెక్క నారలు గీశాను. లేత గోధుమ రంగు వేసి, మీద బాగా పలుచన చేసిన ముదురు గోధుమ ఆయిల్ పెయింట్ పారించాను. నారల్లోకి దిగి నిలిచింది. తర్వాత అక్షరాలు, అంటే డెకాల్, నీళ్లలో తడిపి బండికి అతికించే పలుచని పొర. డెకాల్ మీది ప్రతి అక్షరం నడుములోంచి రెండు మిల్లీమీటర్ల ముక్క కోసి తీసేశాను. మూడు సాయంత్రాలు పట్టింది. అయ్యాక చూసుకుంటే, ఆ బండి కొన్నేళ్లుగా బొగ్గు మోస్తూ, దెబ్బ తిని, ఎక్కడో షెడ్డులో ఆగి, పలక మార్పించుకుని మళ్లీ బయల్దేరినట్టే ఉంది.

దాన్ని ఒక పోటీకి పంపాను. ఏ పోటీయో చెప్పను. న్యాయనిర్ణేత ఎవరో అసలే చెప్పను. మార్కుల కాగితం తిరిగొచ్చింది. ఫినిషింగ్ దగ్గర మార్కులు తగ్గించి, కింద చక్కని దస్తూరీతో రాశారు: ‘ఎడమవైపు మూడో పలకకు రంగు వేయడం మరిచారు.’

మరిచానట!

అక్షరాలు కూడా ‘సరిగా అతకలేదు’ అన్నారు. అమ్మా, ముందు వరసలో ఉన్న పాపా, నువ్వు చెప్పు. ఒకడు ఏడు పలకల్లో ఆరింటికి రంగు వేసి, మధ్యలో ఒకటి మరిచిపోతాడా? మరిచిపోయినవాడు దాని మీద చెక్క నారలు గీస్తాడా? ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. చూపించమంటే చూపిస్తాను. వద్దా? సరే.

కోపంతో చెప్పడం లేదు. కొంచెం కోపం ఉంది. కానీ నా బాధ మార్కుల గురించి కాదు. ఈ హాల్లో ఉన్న బండ్లన్నీ మధ్యాహ్నం తిరిగి చూశాను. పనితనానికి వంక పెట్టలేం. హ్యాండ్‌రెయిల్స్ తీసేసి ఇత్తడి తీగతో మళ్లీ చేసుకున్నవాళ్లున్నారు. అర మిల్లీమీటరు కూడా లేని బెజ్జాలు చేత్తో వేసినవాళ్లున్నారు. కానీ మరకల దగ్గరికి వచ్చేసరికి చాలామంది తుప్పు రంగు పొడి తీసుకుని, ముఖానికి పౌడరు అద్దినట్టు బండి అంతా అద్దేశారు. మరకకు ఒక కారణం ఉండాలి కదండీ!

ఆవిరి ఇంజన్ తీసుకోండి. పైన మసి, పొగగొట్టం నుంచి వచ్చేది. సేఫ్టీ వాల్వుల కింద బాయిలర్ మీద తెల్లటి చారలు ఉంటాయి. అది రంగు పోయి కాదు, నీళ్లలోని సున్నం ఆవిరితో పాటు బయటపడి గట్టిపడి మిగిలినది. కడ్డీలు ఆడే చోట నూనె, అక్కడ తుప్పు ఉండదు, నల్లగా మెరుస్తుంది. చక్రాల దగ్గర గోధుమ రంగు ఉంటుంది. దాన్ని అందరూ మట్టి అనుకుంటారు. చాలావరకు అది పోత ఇనుప బ్రేకు దిమ్మలు అరిగి రాలిన పొడి. డీజిల్ ఇంజన్ అయితే కప్పు మీద పొగ బయటికి వచ్చే చోట నలుపు. డ్రైవరు ముందున్న అద్దం మీద దుమ్ము, ఆ దుమ్ములో వైపర్ తిరిగిన మేర మాత్రం శుభ్రంగా ఉన్న విల్లు ఆకారం. ప్రయాణికుల బోగీని మెషీన్ బ్రష్షులు కడుగుతాయి కాబట్టి పక్కలు శుభ్రంగా ఉంటాయి, బ్రష్ అందని తలుపు పిడి పక్కన, సందుల్లో మురికి నిలుస్తుంది. బొగ్గు వ్యాగన్ బయట ఎలా ఉన్నా, లోపల బొగ్గు రాసుకుని రాసుకుని రంగు ఆనవాలు కూడా మిగలదు. మనలో ఎంతమంది వ్యాగన్ లోపల రంగు మార్చారు? చేతులెత్తండి. ఇద్దరు. ఆ ఇద్దరూ నా పక్కనే రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.

ఈ మరకల పిచ్చి నా ఒక్కడిదే కాదు. అమెరికాలో జాన్ ఆలెన్ అనే ఆయన ఉండేవాడు. వృత్తి ఫోటోగ్రఫీ. బండి కొత్తగా మెరవాలి అనుకునే రోజుల్లోనే మసి, తుప్పు, వెలిసిన రంగు వేసి చూపించాడు. ఫోటో తీసే కన్ను కాబట్టి వెలుగు ఎక్కడ పడుతుందో, మురికి ఎక్కడ చేరుతుందో తెలుసు. ఆయనే తన లేఅవుట్ మీద, అంటే పట్టాలు వేసి కట్టుకున్న బొమ్మ రైల్వే మీద, షంటింగ్‌కు ఒక డైనోసార్ బొమ్మను కూడా పెట్టాడు, అది వేరే కథ. 1973లో ఆయన పోయిన కొద్ది రోజులకే ఆ లేఅవుట్ చాలావరకు మంటల్లో కాలిపోయింది. ఫోటోలు మిగిలాయి కాబట్టి మనం చూడగలుగుతున్నాం. మీ బండ్లకు కూడా ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఎక్కడున్నాం? నాలుగో అంశం. పది నిమిషాలే ఉన్నాయంటున్నారు.

ఐదు, డెకాల్. గరుకు రంగు మీద అతికించవద్దు. గరుకు గుంటల్లో గాలి చిక్కుకుని, డెకాల్ అంచులు వెండిలా మెరుస్తాయి. ముందు మెరిసే వార్నిష్ వేసి, దాని మీద అతికించి, మెత్తబరిచే ద్రావణం ఒక చుక్క వేయండి. డెకాల్ ముడతలు పడుతుంది, భయపడి వేలు పెట్టకండి. ఆరాక దానంతటదే రివెట్ల మీద సర్దుకుంటుంది. వేలు పెట్టి నేను పాడుచేసినవి ఒక పెట్టెడు ఉన్నాయి.

ఆరు, మెరుపు చంపే మ్యాట్ వార్నిష్. వాన ముసురు పట్టిన రోజున స్ప్రే డబ్బా పట్టుకోవద్దు. ఒకసారి తెల్లారితే ప్రదర్శన అనగా, రాత్రి పదకొండింటికి ముసురులోనే ఒక ఇంజన్ మీద కొట్టాను. పది నిమిషాల్లో ఇంజన్ మంచులో నిలబడ్డట్టు తెల్లబడిపోయింది. గాల్లో తేమ పొరలో చిక్కుకుంది. ఆ టెన్షన్‌లో హెయిర్ డ్రయ్యర్ తెచ్చి పొగగొట్టం కూడా వంచాను. మర్నాడు దాన్ని ‘శీతాకాలపు ఇంజన్’ అని అట్టముక్క రాసి పెట్టాను. మెచ్చుకున్నారు కూడా. చూశారా, చేసిన తప్పుకు మెప్పు, చేయని తప్పుకు మార్కుల కోత.

మిగతా అంశాలు చదివే టైము లేదు కానీ, ఒకటి మాత్రం పిల్లల కోసం చెప్పకుండా దిగను. నీళ్లతో కలిపే రంగే కదా అని మాస్క్ లేకుండా చిమ్మవద్దు. రంగు ఏదైనా, తుంపర ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. గాలి బయటికి పోయే ఏర్పాటు ఉండాలి, గుడ్డ మాస్క్ కాదు, రెస్పిరేటర్ పెట్టుకోవాలి.

ఇక ఆ పలక సంగతి. దాని గురించి ఇన్ని సభల్లో చెప్పాను, కానీ ఈ ముక్క ఎక్కడా చెప్పలేదు.

ఈ మధ్య ఆ వ్యాగన్ కొక్కెం విరిగితే, భూతద్దం కింద పెట్టి బాగుచేస్తున్నాను. చూపు మళ్లీ పలక మీదికే పోయింది కదా. పలకను పక్కనున్న నిలువు ఇనుప బద్దలకు బోల్టులతో బిగిస్తారు. పలక మార్చాలంటే పాత బోల్టులు కోసి తీయాలి. కొత్త పలకతో పాటు కొత్త బోల్టులు రావాలి. నా వ్యాగన్ మీద మూడో పలక బోల్టుల తలలు పక్కవాటిలాగే నిండా తుప్పు పట్టి ఉన్నాయి! పలక రంగు వేయడానికి ముందే నిలువు బద్దలన్నిటికీ తుప్పు రంగు ఒకేసారి పూసేశాను. పలక మీద పెట్టిన ధ్యాస బోల్టు మీద పెట్టలేదు. పలక నిన్నటిది, దాన్ని పట్టుకున్న బోల్టు పదేళ్ల నాటిది. అదెలా కుదురుతుంది?

అంటే నా బండిలో తప్పు ఉంది. న్యాయనిర్ణేత పట్టుకున్న తప్పు కాదు, వేరే తప్పు. ఆ రోజు ఆయన ఇది రాసి ఉంటే, మార్కులన్నీ తీసేసినా వెళ్లి చేతులు పట్టుకునేవాణ్ని. ఇన్నేళ్లుగా ఎన్నో సభల్లో చూపించాను, ఎవ్వరూ చెప్పలేదు. నేనూ చూడలేదు. మరక గురించి అందరికీ పాఠాలు చెబుతూ తిరిగాను.

దిద్దలేదు. రెండు బోల్టుల తలల మీద పచ్చి ఇనుము రంగు చుక్క పెట్టడం అయిదు నిమిషాల పని. ఎందుకో చేయబుద్ధి కాలేదు.

గంట కొట్టేశారు. వ్యాగన్ ఈ బల్ల మీద పెడుతున్నాను, పక్కన భూతద్దం ఉంది. చూసేవాళ్లు కింద ఫ్రేము దగ్గర పట్టుకోండి, పక్కలు ముట్టుకోవద్దు, రంగు పొడి చేతికి అంటుతుంది. బోల్టులు కాక ఇంకేమైనా కనబడితే నాకు చెప్పండి, న్యాయనిర్ణేతలకు వద్దు. ఎయిర్‌బ్రష్ గురించి మిగిలినవి ఈ కాగితం మీదే ఉన్నాయి, కావలసినవాళ్లు ఫోటో తీసుకోండి. దస్తూరీ బాగాలేదు.