తెర మీద పావుగంట, చేతుల్లో గంట: వేసవి సెలవుల ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. బడులకు సెలవులిచ్చేశారు, మళ్లీ గంట మోగేది జూన్ రెండో వారంలోనే. ఈలోగా పిల్లలకు మంచి సినిమాలు చూపించాలి, వాళ్ల చేత ఏదైనా చేయించాలి అనుకునేవాళ్ల కోసం ఈ కార్యక్రమం. పిల్లల చిత్ర ప్రదర్శనలు నిర్వహించే మేడం, యానిమేషన్, బొమ్మలాట నేర్పే మాస్టారు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ తెనాలి నుంచి.

శ్రోత, తెనాలి: నమస్కారమండీ. మా అపార్ట్‌మెంట్‌లో పాతికమంది పిల్లలున్నారు. నాలుగేళ్లవాళ్ల నుంచి పదమూడేళ్లవాళ్ల దాకా. మేడ మీద పది రోజులు రోజుకో సినిమా వేద్దామని. ప్రొజెక్టర్ కొనమంటారా, అద్దెకు తెమ్మంటారా?

మేడం: అద్దెకే తెచ్చుకోండి. కానీ ముందు ఆ "రోజుకో సినిమా" సంగతి చూద్దాం. రెండున్నర గంటల సినిమాలు వరసగా వేస్తే మూడో రోజుకి చిన్నవాళ్లు నిద్రపోతారు, పెద్దవాళ్లు ఫోన్లు తీస్తారు. పది, పదిహేను నిమిషాల చిన్న సినిమా వేసి, దాని మీద గంటసేపు చేతిపని పెట్టండి. వారానికి మూడు రోజులు చాలు. పెద్ద సినిమా శనివారం ఒక్కటే, అదీ మధ్యలో విరామమిచ్చి.

శ్రోత, తెనాలి: ఆరున్నరకి మొదలుపెట్టచ్చాండీ?

మేడం: కుదరదమ్మా. మే నెలలో మీ ఊళ్లో పొద్దు గూకేదే ఆరున్నర ప్రాంతంలో. ఆ తర్వాత ఇంకో ముప్పావుగంట ఆకాశంలో వెలుగుంటుంది. ఏడున్నరలోపు వేస్తే తెర మీద బొమ్మ వెలిసిపోయిన చీరలా ఉంటుంది. పైగా మేడ నేల అప్పటికీ కాలుతూనే ఉంటుంది. అందుకని ఆరింటికి కింద పార్కింగ్‌లో, కిందటిసారి చూసిన సినిమా మీద చేతిపని. ఏడున్నరకి పైన కొత్త సినిమా. రెండు రోజులు మనసులో నానిన కథ మీద పిల్లలు వేసే బొమ్మలు, చూసిన వెంటనే వేసినవాటికన్నా బాగుంటాయి కూడా.

శ్రోత, తెనాలి: తెరకి తెల్ల దుప్పటి సరిపోతుందా?

మేడం: పల్చటి దుప్పటైతే వెలుతురు వెనక్కి వెళ్లిపోతుంది. గాలొస్తే తెరచాపలా ఉబ్బుతుంది. పాత ఫ్లెక్సీ వెనకవైపు తెల్లగా ఉంటే అది నయం, నాలుగు మూలలా బిగించి కట్టండి. తెర కింది అంచు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉండాలి, లేకపోతే వెనక కూర్చున్నవాళ్లకు ముందువాళ్ల తలలే సినిమా. మామూలు ప్రొజెక్టర్‌ని తెర వెడల్పుకి ఒకటిన్నర రెట్ల దూరంలో పెట్టాలి. ఎనిమిదడుగుల తెరకి సుమారు పన్నెండడుగులు. ప్రొజెక్టర్ వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు, ప్రామాణిక పద్ధతిలో కొలిచినవి ఆన్సీ ల్యూమెన్లు. అద్దెకిచ్చేవాళ్లని "ఎన్ని ల్యూమెన్లు" అని కాదు, "ఎన్ని ఆన్సీ ల్యూమెన్లు" అని అడగండి. చవక రకాల డబ్బాల మీద 9000 అని అచ్చేసుకుంటారు, దానికి అర్థం లేదు. 3000 ఆన్సీ ఉంటే మీకు చాలు. ప్రొజెక్టర్ లోపలి స్పీకర్‌ని నమ్ముకోవద్దు, స్పీకరు విడిగా తెచ్చి తెర పక్కన పెట్టండి. వైర్లు పిల్లలు నడిచే దారిలో లేకుండా గోడ వెంబడి లాగి టేపు వేయండి. పిట్టగోడ వైపు ఒక పెద్ద మనిషి కుర్చీ వేసుకుని కూర్చోవాల్సిందే.

వ్యాఖ్యాత: వరంగల్ నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత, వరంగల్: నమస్తే సార్. మా పాప తొమ్మిదేండ్లది, ఫోన్ల స్టాప్ మోషన్ చేస్తున్నది. మట్టి బొమ్మను జరుపుకుంట ఫొటోలు తీస్తది. ఆడించి చూస్తే వెలుతురు మిణుకు మిణుకు అంటది, బొమ్మ ఎగిరెగిరి పడ్డట్టుంటది. ఎంత చేసినా సక్కగ వస్తలేదు.

మాస్టారు: అవి రెండు వేర్వేరు తప్పులమ్మా. ముందు మిణుకు. ఫోన్ ప్రతి ఫొటోకీ వెలుతురుని కొత్తగా లెక్క కట్టుకుంటుంది. తెర మీద బొమ్మ ఉన్నచోట వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో తాళం గుర్తు వస్తుంది. ఫోకస్, వెలుతురు రెండూ అక్కడ ఆగిపోతాయి. స్టాప్ మోషన్ స్టూడియో లాంటి యాప్‌లోనైతే దానికి విడిగా మీట ఉంటుంది. ఎక్కడ తీస్తున్నారు?

శ్రోత, వరంగల్: కిటికీ పక్కన సార్, ట్యూబ్‌లైట్ కూడా వేస్తం.

మాస్టారు: రెండూ వద్దు. మబ్బొచ్చి పోతే కిటికీ వెలుతురు మారిపోతుంది. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ కంటికి తెలియకుండా సెకనుకి వంద సార్లు హెచ్చుతగ్గులవుతుంది, ఒక్కో ఫొటో ఒక్కో స్థాయిలో పడుతుంది. కిటికీకి పరదా వేసేసి, మంచి ఎల్ఈడీ టేబుల్ లైటు ఒకటి పెట్టండి. పాప ముదురు రంగు గౌను వేసుకోవాలి. నవ్వకండి, పసుపుపచ్చ గౌనుతో దగ్గరగా వంగితే ఆ రంగు బొమ్మ మీద పడుతుంది.

ఇక ఎగిరిపడటం. సగం తప్పు ఫోన్ కదలడం వల్ల. పుస్తకాలకి ఆనించి పెడితే మీట నొక్కినప్పుడల్లా కొంచెం జరుగుతుంది. వైరు ఇయర్‌ఫోన్ గుచ్చి దాని వాల్యూం మీట నొక్కితే చాలా ఫోన్లలో ఫొటో పడుతుంది, ఫోన్‌ని ముట్టుకోనక్కర్లేదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, నడిమధ్యలో ఫోనొచ్చి అది వణికితే అరగంట పని పోతుంది. మిగతా సగం తప్పు బొమ్మని ఎక్కువ జరపడం. ఒక్కోసారి ఎంత జరుపుతోంది?

శ్రోత, వరంగల్: వేలెడంత ఉంటది సార్.

మాస్టారు: అదీ సంగతి. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు చాలు. అదీ ఎప్పుడూ ఒకే లెక్క కాదు. బయల్దేరేటప్పుడు కొంచెం, మధ్యలో ఎక్కువ, ఆగబోయే ముందు మళ్లీ కొంచెం. బస్సు స్టాపులో ఆగడం చూడమనండి, ఇట్టే అర్థమవుతుంది. సెకనుకి పన్నెండు ఫొటోలు పెట్టుకుని, బొమ్మని ఒక్కసారి జరిపి రెండు ఫొటోలు తీయాలి. పది సెకన్లకు నూట ఇరవై ఫొటోలు, కానీ జరిపేది అరవై సార్లే. గంట పని. మొదటి రోజు మట్టి కూడా వద్దు. పది చింతగింజలు నల్ల అట్ట మీద వరసగా నడిచొచ్చి పువ్వులా కూర్చోవడం తీయమనండి. ఫ్యాను మాత్రం ఆపాలి. ఉక్కపోస్తుంది కాబట్టి ఇరవై నిమిషాలకోసారి లేపి నీళ్లు తాగించండి.

శ్రోత, వరంగల్: మట్టి కూడా ఎండకు మెత్తగైతుంది సార్.

మాస్టారు: నూనె కలిసిన రంగుల మట్టి మే నెలలో అంతే. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. ఇంట్లో చేసుకోవాలంటే కప్పు మైదా, అరకప్పు ఉప్పు, కప్పు నీళ్లు, చెంచా నూనె, చెంచా నిమ్మరసం. అన్నీ కలిపి సన్న సెగ మీద అంచులు వదిలి ముద్దయ్యేదాకా తిప్పి, చల్లారాక పిసకాలి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచండి. బయట వదిలేస్తే మర్నాటికి పైన పెచ్చు కడుతుంది.

వ్యాఖ్యాత: ధర్మవరం నుంచి ఒక చిన్నారి. ఏం తరగతి నాన్నా?

బాలుడు, ధర్మవరం: ఆరో తరగతికి పోతా మేడం. సార్, మేము అట్టతో తోలుబొమ్మలు కత్తిరించి పంచె వెనకాల ఆడిస్తున్నాం. నిమ్మలకుంట బొమ్మలకి రంగులు కనపడతాయి. మావి నల్లగానే ఉన్నాయి. స్కెచ్ పెన్నుతో రంగులేసినా రాలేదు.

మాస్టారు: భలే ప్రశ్న. నిమ్మలకుంట మీ మండలమే కదా, అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లు వాడేది శుభ్రం చేసి పల్చగా గీకిన మేక తోలు. దీపం వెలుతురు దానిలోంచి ఇవతలికి వస్తుంది, అందుకే రంగు కనిపిస్తుంది. నీ అట్ట వెలుతురుని ఆపేస్తుంది, దాని మీద ఎన్ని రంగులేసినా నీడ నలుపే. ఏం చేస్తావంటే, బొమ్మ అంచుల్ని అట్టతో ఉంచి, లోపల చీర, కిరీటం ఉండే చోట్లు కిటికీల్లా కోసేయ్. వెనక నుంచి రంగుల జిలటిన్ కాగితం అంటించు. లేదా తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నులతో రంగులేసి, రెండు చుక్కలు కొబ్బరినూనె దూదితో రాయి. కాగితం వెలుతురుని వదులుతుంది.

బాలుడు, ధర్మవరం: నూనెకి రంగు చెదిరిపోదా సార్?

మాస్టారు: నీళ్ల స్కెచ్ పెన్ను చెదరదు, క్రేయాన్ కొంచెం అలుక్కుంటుంది. రాశాక పాత పేపర్ల మధ్య పెట్టి రాత్రంతా బరువు ఉంచు, లేకపోతే పంచెకి మరకలవుతాయి. దీపం ఏది పెట్టారు?

బాలుడు, ధర్మవరం: రెండు బల్బులు.

మాస్టారు: ఒకటి తీసేయ్. రెండు బల్బులుంటే రెండు నీడలు, అంచులు మసకేస్తాయి. ఒక్క చిన్న ఎల్ఈడీ టార్చి చాలు, కొవ్వొత్తి మాత్రం పంచె దగ్గరికి రానివ్వద్దు. బొమ్మని పంచెకి ఆనించి పట్టుకుంటే గీత గీసినట్టుంటుంది. టార్చి వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది. ఘటోత్కచుడు పెరగాలంటే అదే కిటుకు. చేతులు విడిగా కోసి, భుజం దగ్గర దారం ముడితో కలుపు. ముడి బిగిస్తే చెయ్యి తిరగదు, అగ్గిపుల్ల పట్టేంత వదులుంచు. పుల్లలకి చీపురు ఈనెలు వంగిపోతాయి, సన్నటి వెదురు పుల్లలు మేలు.

వ్యాఖ్యాత: రాజమహేంద్రవరం నుంచి తాతగారు.

శ్రోత, రాజమహేంద్రవరం: నమస్కారమమ్మా. మనవరాలికి నాలుగేళ్లు, మనవడికి ఏడు. మొన్న కార్టూన్ సినిమా పెడితే చిన్నది జడుసుకుంది. రాత్రంతా నిద్ర లేదు. బొమ్మల సినిమాయే కదా అని పెట్టాం.

మేడం: బొమ్మల సినిమా అంటే చిన్నపిల్లల సినిమా అని కాదండీ. ఇప్పుడు సెన్సార్ సర్టిఫికెట్ మీద, పెద్దల తోడుతో చూడాల్సిన యూఏలోనే 7+, 13+, 16+ అని విడివిడిగా ఇస్తున్నారు, అది చూడండి. కానీ అందరూ చూడొచ్చనే యూ ఉన్నంత మాత్రాన సరిపోదు. నాలుగేళ్ల పిల్లని భయపెట్టేది ఎక్కువగా చప్పుడు, చీకటి, తల్లి తప్పిపోయే ఘట్టం. ముందు మీరొక్కరూ చూడండి. చూపించేటప్పుడు గదిలో ఒక లైటు వెలుగుతూనే ఉండాలి, శబ్దం మీరు మామూలుగా పెట్టుకునేదానిలో సగం. భయపడితే ఆపి, "ఇప్పుడేమవుతుందో నువ్వు చెప్పు" అనండి. ఆపే రిమోటు పిల్ల చేతికే ఇస్తే ఇంకా మంచిది.

శ్రోత, రాజమహేంద్రవరం: ఫోన్ లేకుండా ఏమన్నా చేయించవచ్చా?

మాస్టారు: చిన్నదానికి పంజరంలో చిలక. పెళ్లి శుభలేఖ అట్ట గుండ్రంగా కోసి ఒకవైపు చిలక గీయించండి. కింది అంచు పట్టుకుని పైకి తిప్పి, రెండోవైపు పంజరం గీయండి. అందరూ చేసే తప్పు ఇక్కడే. పుస్తకం పేజీలా పక్కకి తిప్పి గీస్తే ఒక బొమ్మ తలకిందులవుతుంది. ఎడమ, కుడి అంచుల్లో చిల్లులు పెట్టి దారాలు కట్టి మెలితిప్పి లాగితే చిలక పంజరంలోకి వెళ్లిపోతుంది. మనవడికి అంటించుకునే చిన్న కాగితాల బొత్తి ఇవ్వండి. ముప్ఫై కాగితాల్లో బంతి గంతులేయాలి. ఆఖరి కాగితం నుంచి మొదలుపెట్టి పైకి గీస్తూ రావాలి, అప్పుడే కింది బొమ్మ లీలగా కనిపిస్తుంది. జిగురున్న అంచు దగ్గర గీస్తే వేలితో జారవిడిచినప్పుడు కనపడదు, రెండో అంచు వైపే గీయాలి.

వ్యాఖ్యాత: జగిత్యాల దగ్గర గ్రంథాలయం నడుపుతున్నవారు.

శ్రోత, జగిత్యాల: మేడం, మా గ్రంథాలయంల పిల్లలకు ఉచితంగ సినిమాలు వేస్తం. మా ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ ఉన్నది, దాని మీద వేయొచ్చా?

మేడం: వేయకూడదండీ. ఆ చందా ఇంట్లో చూసుకోవడానికే. టికెట్ పెట్టకపోయినా నలుగురినీ పిలిచి వేస్తే బహిరంగ ప్రదర్శనే. ప్రొజెక్టర్‌కి కలిపినప్పుడు శబ్దం వచ్చి తెర నల్లగా ఉండిపోవడం కూడా మామూలే, కాపీ కాకుండా పెట్టిన కట్టడి అది. పోయినసారి ఏమీ కాలేదు కదా అని మాత్రం అనుకోవద్దు. రెండు దారులున్నాయి. 1955లో ఏర్పడిన బాలల చిత్ర సమితి 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో, అంటే కేంద్ర ప్రభుత్వ జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. సమితి తీసిన సినిమాలు కావాలంటే ఎన్‌ఎఫ్‌డీసీకే రాసి అనుమతి అడగాలి. రెండోది, ఎవరైనా వేసుకోవచ్చని తీసినవాళ్లే రాసిచ్చినవి. బ్లెండర్ అనే ఉచిత యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ని నడిపే బ్లెండర్ ఫౌండేషన్ వాళ్లవి ఉన్నాయి. 2008లో వచ్చిన 'బిగ్ బక్ బన్నీ' పది నిమిషాలు, మాటల్లేవు. 2019 నాటి 'స్ప్రింగ్' ఎనిమిది నిమిషాలు. చివర్లో పేర్లు కత్తిరించకుండా పూర్తిగా వేయాలి, షరతు అదే. వాళ్లదే 'సింటెల్' కూడా ఉంది, అది పదేళ్లలోపు పిల్లలకు వేయొద్దు, ముగింపు తట్టుకోలేరు. అన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. నెట్ మీద ఆధారపడితే సరిగ్గా పిల్లలు కూర్చున్నాకే గుండ్రం తిరుగుతుంది.

వ్యాఖ్యాత: డల్లాస్ నుంచి ఫోన్.

శ్రోత, డల్లాస్: నమస్తే అండీ. మాకు సెలవులు ఆగస్టు దాకా. పిల్లలకి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడరు. సినిమాలు చూపిస్తే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటారు.

మాస్టారు: అయితే సబ్‌టైటిల్సూ మాటలూ రెండూ లేని సినిమా ఇచ్చి, మాటలు వాళ్లనే రాసి చెప్పమనండి. ఇందాక మేడం చెప్పిన బ్లెండర్ వాళ్ల 'కామినాండెస్' కథలు, లామా అనే ఒంటె జాతి జంతువువి, ఒక్కోటి మూడు నిమిషాల్లోపువే, సరిగ్గా దీనికి పనికొస్తాయి. ముందు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నా పర్వాలేదు. ఒక్కో మాట నాలుగైదు పదాలు మించకూడదు, మించితే నోరు మూశాక కూడా గొంతు వినపడుతుంది. బట్టల అల్మారా తలుపు తీసి, బట్టలకి ఎదురుగా నిలబడి రికార్డు చేయించండి, గది మోత రాదు. ఫోన్ జానెడు దూరంలో, నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా. లేకపోతే "ప", "ఫ" దగ్గర గాలి తగిలి బుస్సుమంటుంది. చప్పుళ్లు వంటింట్లో దొరుకుతాయి. డెక్కలకి కొబ్బరి చిప్పలు, వానకి పళ్లెంలో పోసే బియ్యం, మంచులో అడుగులకి గుడ్డ సంచిలో కార్న్‌ఫ్లోర్ వేసి పిసకడం.

వ్యాఖ్యాత: ఒక మెసేజ్ చదువుతాను. "మాయాబజార్‌లో లడ్డూలు నోట్లోకి వెళ్లినట్టు మా పిల్లలు ఫోన్‌లో తీయగలరా?"

మాస్టారు: 1957లో మార్కస్ బార్ట్లే కెమెరా పట్టిన సినిమా అది, మన తాహతు వేరు. కానీ పెదాల దాకా తీసుకెళ్లొచ్చు. పిల్లవాడు లడ్డూని పెదాల మధ్య పట్టుకుని, కింద పెట్టిన పళ్లెంలోకి వదిలేయాలి. ఆ వీడియోని వెనక్కి ఆడిస్తే పళ్లెంలోంచి లడ్డూ ఎగిరొచ్చి పెదాల్లో పడుతుంది. అసలు లడ్డూ పడితే చిట్లిపోతుంది, అందుకని పసుపు కలిపిన చపాతీ పిండితో నిమ్మకాయంత ఉండ చేయండి. అంతకన్నా చిన్నది వద్దు, గొంతులోకి జారే ప్రమాదముంది. ఎనిమిదేళ్లు దాటినవాళ్లే చేయాలి. పళ్లెంలో గుడ్డ మడత పెడితే ఉండ దొర్లిపోదు. ముఖ్యంగా వెనక గోడ మీద గడియారం ఉంటే తీసేయండి, సెకన్ల ముల్లు వెనక్కి తిరగడం పిల్లలు అందరికన్నా ముందు పట్టేస్తారు.